మంట ఉందా?

పొయ్యి మీద పాలు పెట్టి పక్కగదిలోకి వెళ్లొచ్చేసరికి పొంగి గట్టంతా పారడం ప్రతి ఇంట్లోనూ జరిగేదే. గట్టు తుడుచుకుంటే పోతుంది. అసలు సంగతి గిన్నె కింద ఉంది. పొంగిన పాలు బర్నర్ మీద పడి మంట ఆరిపోయింది. నాబ్ మాత్రం తిప్పినచోటే ఉంది. మంట ఆరిన సంగతి గ్యాస్‌కు తెలియదు, తన దారిన తాను వస్తూనే ఉంటుంది. అప్పుడు మనల్ని కాపాడేది ముక్కు. వంటగ్యాస్‌కు సొంతంగా చెప్పుకోదగ్గ వాసన లేదు. ఆ కుళ్లు కంపు మనకోసమని కలిపిన మెర్‌కాప్టాన్ అనే గంధక రసాయనానిది. కంపు తగలగానే ఇంట్లో ఎవరో ఒకరు పరుగున వచ్చి నాబ్ కట్టేస్తారు. కిటికీ తీస్తారు. కాసేపాగి, వాసన పోయిందనుకున్నాక మళ్లీ వెలిగిస్తారు.

ఇందులో నాలుగు పనులున్నాయి. మంట ఆరిందని పసిగట్టడం, గ్యాస్ ఆపడం, గాలి ఆడనివ్వడం, ఆ తర్వాతే వెలిగించడం. విశాఖపట్నం రిఫైనరీలో ముడిచమురును కాచే హీటర్‌కైనా, పటాన్‌చెరు మందుల కంపెనీకి ఆవిరినిచ్చే బాయిలర్‌కైనా, ఇనుప కడ్డీలు కాల్చే రోలింగ్ మిల్లు ఫర్నేస్‌కైనా కావలసినవి ఈ నాలుగే. తేడా ఏమిటంటే అక్కడ ముక్కు లేదు. మూతపడిన ఇనుపగోడల లోపల మంట ఆరితే కంపు మనిషిదాకా రాదు, వచ్చినా సమయం మించిపోతుంది. అందుకని ఆ నాలుగు పనులూ యంత్రానికి అప్పగించారు. బర్నర్ భద్రతా నియంత్రణ వ్యవస్థ అని దాని పేరు. రాత్రనక పగలనక అది అడిగే ప్రశ్న ఒకటే: మంట ఉందా?

నిమిషానికో సిలిండర్

ఇంటి పొయ్యిలో ఒక బర్నర్ శక్తి రెండు మూడు కిలోవాట్లు. ఓ మోస్తరు కర్మాగారపు బాయిలర్‌కు 10 మెగావాట్ల బర్నర్ ఉండటం పెద్ద విశేషమేమీ కాదు. అంటే మూడు నాలుగు వేల పొయ్యిలు ఒకే గొట్టం చివర మండుతున్నాయన్నమాట. 14.2 కిలోల వంటగ్యాస్ సిలిండర్‌లో దాదాపు 650 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. మన ఇంట్లో నెలకు పైగా వచ్చే ఆ శక్తిని ఈ బర్నర్ 65 సెకన్లలో మింగేస్తుంది.

ఇప్పుడు ఆ మంట ఆరిపోయిందనుకుందాం. గ్యాస్ ఇంకో నాలుగు సెకన్లు వచ్చింది. నాలుగే. ఆ లోపు 40 మెగాజౌళ్ల ఇంధనం, అంటే కిలోకు కాస్త తక్కువ వంటగ్యాస్‌కు సమానమైనది, కాలకుండా లోపల చేరింది. సహజవాయువైతే అది ఒక ఘనమీటరు పైచిలుకు. దానికి పదింతల గాలి కలిస్తే చక్కగా మండే మిశ్రమం తయారవుతుంది. ఒక చిన్నగది దాదాపు సగం నిండేంత మిశ్రమం. దానికొక నిప్పురవ్వ దొరికితే, అప్పటిదాకా సుమారు 300 కెల్విన్లలో ఉన్న వాయువు క్షణంలో 2,200 కెల్విన్ల దరిదాపులకు చేరుతుంది. అంత వేడెక్కిన వాయువు ఏడెనిమిది రెట్ల చోటు అడుగుతుంది. చోటు లేకపోతే ఒత్తిడిగా మారుతుంది.

ఫర్నేస్ గోడ ఆ ఒత్తిడి కోసం కట్టింది కాదు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల ఎత్తు ఉన్న గోడ మీద వాతావరణ పీడనంలో పదో వంతు అదనంగా పడిందంటే, గోడను బయటికి తోసే బలం దాదాపు 100 టన్నులు. పెద్ద బాయిలర్ల గొట్టాలు తమ లోపలున్న ఆవిరి ఒత్తిడిని వంద వాతావరణాలు దాటినా తట్టుకుంటాయి. అవే గొట్టాలతో అల్లిన గోడ మంటవైపు నుంచి చిన్న తోపు తగిలితే చీరుకుపోతుంది. బాయిలర్‌కు రెండు ముఖాలున్నాయి, నీటి ముఖం, నిప్పు ముఖం. మన చట్టాలకు మొదట కనిపించింది నీటి ముఖం. 1863లో కలకత్తాలో ఒక బాయిలర్ పేలి మనుషులు చనిపోయాక, 1864లో బెంగాల్‌లో బాయిలర్ల తనిఖీకి చట్టం వచ్చింది. 1923లో దేశమంతటికీ ఒకే చట్టం చేశారు. గొట్టం మందమెంత, అతుకు గట్టిదేనా, సేఫ్టీ వాల్వ్ ఎంత ఒత్తిడికి తెరుచుకుంటుంది అన్నవి ఆ చూపులోంచి పుట్టిన ప్రశ్నలు. నిప్పు ముఖం పేలుడుకు సేఫ్టీ వాల్వ్ అక్కరకు రాదు. అది తెరుచుకునేలోపే అంతా అయిపోతుంది. కాబట్టి ఇక్కడ ఒకటే ఉపాయం: కాలని ఇంధనాన్ని లోపల పోగుపడనివ్వకూడదు.

ఏటికి ఎదురీదే చేప

మంట ఎందుకు ఆరుతుంది? చూడటానికి ఒకేచోట నిలబడి ఉన్నట్టుంటుంది గానీ, మంట ఎప్పుడూ ప్రయాణంలోనే ఉంటుంది. ఇంకా కాలని మిశ్రమం ఎటు ఉంటే అటు పాకుతుంది. కదలకుండా ఉన్న మీథేన్, గాలి మిశ్రమంలో దాని వేగం సెకనుకు సుమారు 40 సెంటీమీటర్లు. బర్నర్ మూతిలోంచి మిశ్రమం అంతే వేగంతో ఎదురొస్తుంటే మంట అక్కడే నిలిచినట్టు కనబడుతుంది. ఏటికి ఎదురీదే చేప ఒడ్డున కూర్చున్నవాడికి కదలనట్టు కనిపించడంలాంటిదే ఇది. ఏటి ఉరవడి పెరిగితే చేప కొట్టుకుపోతుంది, మంట బర్నర్‌ను వదిలి లేచిపోయి ఆరిపోతుంది. ఉరవడి తగ్గితే చేప పైకి ఎగబాకుతుంది, మంట బర్నర్ గొట్టం లోపలికే దూరుతుంది. దాన్ని ఫ్లాష్‌బ్యాక్ అంటారు.

పెద్ద బర్నర్లలో గాలి సెకనుకు పదుల మీటర్ల వేగంతో వస్తుంది. 40 సెంటీమీటర్ల ఈతగాడు అక్కడ నిలవగలడా? నిలవలేడు. అందుకే బర్నర్ మూతిలో వంకర రెక్కలు పెట్టి గాలిని సుడి తిప్పుతారు. సుడి మధ్యలో వాయువు వెనక్కి తిరిగి, కాలిన వేడి వాయువుల్ని మళ్లీ మొదలుకు తెచ్చిస్తుంది. ఉధృతంగా పారే ఏట్లో కూడా బండరాయి వెనక చిన్న మడుగుంటుంది కదా, చేప అందులో తలదాచుకుంటుంది. మన మంట బతికేది ఆ మడుగులోనే.

ఆ మడుగును చెదరగొట్టడానికి పెద్ద కారణం అక్కర్లేదు. గ్యాస్ ఒత్తిడి పెరిగినా తగ్గినా, ఫర్నేస్ ఆయిల్‌లో నీళ్లు కలిసినా, గాలి తలుపు ఉన్నట్టుండి కదిలినా, తడిబొగ్గు వచ్చినా చాలు. అందుకే గ్యాస్ లైను మీద ఒకటికి రెండు ప్రెషర్ స్విచ్‌లు పెడతారు, ఒకటి మరీ తగ్గితే పసిగట్టడానికి, ఒకటి మరీ పెరిగితే పసిగట్టడానికి. కొత్తగా చూసేవాళ్లకు రెండోది చోద్యంగా ఉంటుంది, గ్యాస్ ఎక్కువొస్తే మంచిదే కదా అని. చేపను తలుచుకుంటే సందేహం తీరుతుంది.

మంట మీద ఇంకో షరతు కూడా ఉంది. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటేనే అంటుకుంటుంది. అంతకంటే తక్కువైతే ఇంధనం చాలదు, ఎక్కువైతే గాలి చాలదు. వంటగ్యాస్‌కు ఈ కిటికీ సుమారు 2 నుంచి 9 శాతం. హైడ్రోజన్‌కు 4 నుంచి 75 శాతం దాకా బార్లా తెరిచి ఉంటుంది. 15 శాతం దాటింది కాబట్టి భయం లేదనుకోవడం మాత్రం పెద్ద పొరపాటు. గాలి చాలక మంట పొగలు కక్కుతోందనుకోండి. లోపలంతా కాలని గ్యాసే. ఆపరేటర్ చెయ్యి ఊరుకోదు, పొగ చూడగానే గాలి పెంచబోతుంది. ఆ గాలి వెళ్లేకొద్దీ గ్యాస్ శాతం పైనుంచి దిగుతూ సరిగ్గా ఆ 15–5 కిటికీలోంచే నడుస్తుంది. ఎర్రగా కాలిన ఇటుక ఒకటి లోపల ఎదురుచూస్తూ ఉంటుంది. అందుకే శిక్షణలో పదేపదే చెబుతారు, పొగ కనిపిస్తే ముందు తగ్గించాల్సింది ఇంధనాన్ని, గాలి జోలికి వెళ్లడం ఆ తర్వాత అని.

గుమ్మం దాటేముందు

బర్నర్‌కు గండం వెలిగించే వేళ. బాగా మండుతున్న ఫర్నేస్ లోపల ఎక్కడ ఏ గ్యాస్ మిగిలినా వెంటనే కాలిపోతుంది. చల్లారిన ఫర్నేస్ లోపల ఏముందో ఎవరికీ తెలియదు. రాత్రంతా ఓ వాల్వ్ సన్నగా కారుతూ ఉండవచ్చు. కాబట్టి యంత్రం మొదటి అడుగు తుడుపు. దీన్ని కర్మాగారాల్లో అందరూ పర్జ్ అనే అంటారు.

ఫర్నేస్ ఘనపరిమాణమెంతో అంత గాలి ఒకసారి పంపితే లోపలి గ్యాసంతా పోతుందా? పోదు. సాంబారు గిన్నెను ఒక్కసారి తొలిస్తే వాసన పోతుందా? కొత్త గాలి పాత గ్యాస్‌తో కలుస్తూ పోతుంది, కలిసినదే బయటికి వెళుతుంది. లెక్క వేస్తే ఒక తొలుపుకు 37 శాతం మిగులుతుంది. రెండుకు 13.5, మూడుకు 5, నాలుగుకు 1.8, ఐదుకు 0.7 శాతం. ఫర్నేస్ నిండా మీథేనే ఉందని, అన్నిటికంటే చెడ్డ స్థితిని అనుకుని చూడండి. మూడో తొలుపుకు 5 శాతం, అంటే సరిగ్గా గీత మీద నిలబడతాం. నాలుగుకు గానీ నిశ్చింత లేదు. అమెరికాలోని జాతీయ అగ్నిరక్షణ సంఘం ఎన్‌ఎఫ్‌పీఏ ప్రమాణాలను ప్రపంచమంతా చూస్తుంది. ఓవెన్లకు, ఫర్నేసులకు వారి 86వ ప్రమాణం కనీసం నాలుగు తొలుపులు అడుగుతుంది. అనేక బర్నర్లున్న పెద్ద బాయిలర్లకు 85వ ప్రమాణం కనీసం ఐదు తొలుపులు, అదీ ఐదు నిమిషాలకు తగ్గకుండా జరగాలంటుంది.

ఫ్యాన్ మోటార్ ఆన్ అయింది కాబట్టి గాలి వెళుతోందని యంత్రం నమ్మదు. బెల్టు తెగి మోటార్ ఒక్కటే తిరుగుతుండవచ్చు. ఫ్యాన్ తిరుగుతున్నా డాంపర్ మూసి ఉండవచ్చు. అందుకే గాలి దారిలోనే సెన్సర్ పెట్టి, ప్రవాహం కంటికి కట్టినప్పుడే గడియారం మొదలెడుతుంది. మధ్యలో గాలి తగ్గిందా, అప్పటిదాకా లెక్కించిన నిమిషాలన్నీ సున్నా. మళ్లీ మొదటినుంచి.

పర్జ్ అయ్యాక నిప్పురవ్వ, దానితో పైలట్ అనే చిన్న మంట. పైలట్ వెలిగిందని సెన్సర్ చెబితేనే పెద్ద వాల్వ్ తెరుచుకుంటుంది. పెద్ద మంట అంటుకోవడానికి ఇచ్చే గడువు సాధారణంగా పది పదిహేను సెకన్లకు మించదు. చాలా చోట్ల పెద్ద మంట నిలవగానే పైలట్‌ను ఆర్పేస్తారు, లేకపోతే సెన్సర్ పైలట్‌ను చూసి పెద్ద మంటే ఉందనుకోవచ్చు. గడువులోపు మంట కనబడకపోతే అన్ని వాల్వులూ మూసుకుంటాయి, యంత్రం బిగదీసుకుపోతుంది. దీన్ని లాకౌట్ అంటారు. మనిషి స్వయంగా వచ్చి రీసెట్ నొక్కితే గానీ అది కదలదు.

ఈ వరుసలో అన్నిటికంటే ముచ్చటైన నియమం ఇంకొకటుంది. గ్యాస్ ఇవ్వకముందే, పర్జ్ జరుగుతుండగానే సెన్సర్ 'మంట ఉంది' అని చెప్పిందనుకోండి. అప్పుడూ లాకౌటే. లేని మంటను ఉందని చెప్పే సాక్షి రేపు మంట ఆరినప్పుడూ ఉందనే చెబుతాడు. అలాంటి సాక్షిని పెట్టుకుని పని మొదలుపెట్టడం కంటే అసలు మొదలుపెట్టకపోవడం మేలు.

మంటను చూసే కళ్లు

మంటను కనిపెట్టడం చెప్పినంత తేలిక కాదు. వేడిని కొలిస్తే చాలదా? మంట ఆరాక కూడా ఇటుకగోడ గంటల తరబడి వేడిగానే ఉంటుంది. వెలుగు చూస్తే చాలదా? ఎర్రగా కాలిన ఇటుక కూడా వెలుగుతుంది. మంటకు మాత్రమే ఉన్న గుణం, గోడకు లేనిది, ఏదో ఒకటి పట్టుకోవాలి.

అలాంటి గుణాల్లో ఒకటి విద్యుత్తు. హైడ్రోకార్బన్లు కాలేటప్పుడు మంటలో కొద్దిపాటి అయాన్లు, ఎలక్ట్రాన్లు పుడతాయి, అందుకే మంట తీగలా కరెంటును పోనిస్తుంది. మంటలోకి ఒక లోహపు కడ్డీ చాచి, కడ్డీకీ బర్నర్ ఒంటికీ మధ్య ఏసీ వోల్టేజి పెడతారు. ఇక్కడే ఉంది నేర్పు. మంటలోని ముఖ్యమైన ధన అయాన్ ఎలక్ట్రాన్ కంటే ముప్పై వేల రెట్లకు పైగా బరువు. తేలికపాటి ఎలక్ట్రాన్లు చిన్న కడ్డీ మీదికైనా చటుక్కున చేరతాయి, బరువైన అయాన్లకు విశాలమైన బర్నర్ ఒళ్లు కావాలి. దాంతో కరెంటు ఒక దిశలో ఎక్కువగా, ఎదురు దిశలో తక్కువగా పారుతుంది. ఏసీ ఇస్తే డీసీ వస్తుంది, అదీ కొన్ని మైక్రోఆంపియర్లు.

ఆ కొన్ని మైక్రోఆంపియర్ల విలువ ఎంతో చూడండి. కడ్డీ పింగాణీకి మసి పట్టింది, లేదా చెమ్మ చేరింది, లేదా తీగలు ఒకదానికొకటి తగిలాయి. అప్పుడూ కరెంటు పారుతుంది. కాని మసికి, చెమ్మకు దిశాభేదం తెలియదు, రెండువైపులా సమానంగా పారనిస్తాయి. డీసీ సున్నా. అంటే సెన్సర్ పాడైతే వచ్చే సంకేతం మంట సంకేతంలా ఉండదు. దొంగ సాక్ష్యం దానంతటదే బయటపడుతుంది.

హైడ్రోజన్ మంటలో కార్బన్ లేదు, అందుకని ఈ అయాన్లూ దాదాపు ఉండవు. పైగా పగటివెలుగులో ఆ మంట కంటికి కూడా సరిగా ఆనదు. హైడ్రోజన్‌ను ఇంధనంగా మండించాలనుకునే కర్మాగారాలకు ఈ కడ్డీ పనికిరాదు. వాళ్లకు కావలసింది అతినీలలోహిత కన్ను. యూవీ ట్యూబ్ అనే ఈ కన్ను రేడియోధార్మికతను కొలిచే గైగర్–ముల్లర్ గొట్టానికి దగ్గరి చుట్టం. యూవీ కిరణం లోపలి లోహాన్ని తాకితే ఒక ఎలక్ట్రాన్ ఊడిపడుతుంది, అది వాయువులో మరిన్నిటిని లేపుతుంది, గొట్టంలో క్షణకాలం మెరుపు పుడుతుంది. ఇది చూసేది 185 నుంచి 260 నానోమీటర్ల మధ్య కిరణాలను. కాలిన ఇటుక నుంచి అవి చెప్పుకోదగ్గంతగా రావు. సూర్యుడి నుంచి వచ్చేవాటిని ఓజోన్ పొర పైనే ఆపేస్తుంది. అందుకని ఈ కన్ను ఎండను, ఇటుకను పట్టించుకోదు, మంటనే చూస్తుంది. పక్కన కొట్టే నిప్పురవ్వను కూడా మంటే అనుకోవడం మాత్రం దీని బలహీనత.

అంతకంటే పెద్ద జబ్బు ముసలితనంలో వస్తుంది. పాతబడిన ట్యూబ్ యూవీ లేకపోయినా దానంతటదే మెరుస్తుంది, మంట లేకపోయినా 'ఉంది ఉంది' అంటూనే ఉంటుంది. దానికి విరుగుడుగా కంటిముందు ఒక రెప్ప పెట్టారు. కొన్ని సెకన్లకోసారి రెప్ప మూసుకుంటుంది. మూసినప్పుడు 'మంట లేదు' అనాలి, తెరిచినప్పుడు 'ఉంది' అనాలి. రెప్ప మూసినా ఉందంటే కన్ను పోయిందని అర్థం, గ్యాస్ కట్టేయాల్సిందే.

చమురు, బొగ్గు మంటలకు పరారుణ కన్ను వాడతారు. కాలిన ఇటుకా పరారుణ కిరణాలిస్తుంది, కాని నిలకడగా ఇస్తుంది. మంట అల్లాడుతుంది, సెకనుకు పదులసార్లు రెపరెపలాడుతుంది. ఈ కన్ను వెలుగును వదిలేసి రెపరెపలను లెక్కపెడుతుంది.

తనను తానే శంకించే యంత్రం

అనుమానం పెనుభూతం అంటారు. సంసారంలో నిజమే కావచ్చు, బర్నర్ దగ్గర మాత్రం అనుమానమే కాపలాదారు. ఈ వ్యవస్థ మంటను నమ్మదు, ఫ్యాన్‌ను నమ్మదు, సెన్సర్‌ను నమ్మదు, చివరికి తనను తాను కూడా నమ్మదు.

గ్యాస్ వాల్వ్ సంగతే తీసుకోండి. అది స్ప్రింగ్ బలంతో మూసుకుని ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపే తెరిచి ఉంటుంది. కరెంటు పోయినా, తీగ ఎలుక కొరికినా, కంట్రోలర్ కాలిపోయినా ఫలితం ఒకటే, వాల్వ్ మూసుకుంటుంది. గ్యాస్ ఆపమని ఎవరూ ఆజ్ఞాపించనక్కర్లేదు. 'ఇంకా పోనివ్వు' అనే అనుమతి ప్రతిక్షణం అందుతుండాలి. అది ఆగితే గ్యాస్ ఆగుతుంది.

స్ప్రింగ్ ఉన్నా వాల్వ్ ఇరుక్కుపోవచ్చు, దాని సీటు మీద చెత్త పడి కారవచ్చు. అందుకే ఒకదాని వెనక ఒకటి రెండు వాల్వులు. చాలా పెద్ద బర్నర్లకు ఆ రెంటి మధ్య సన్నని గొట్టం తీసి, మూసినప్పుడు కారిన గ్యాస్ ఫర్నేస్‌లోకి పోకుండా బయటి గాలిలోకి, మనుషులకు దూరంగా పోయేలా చేస్తారు. ఒక వాల్వ్ వందసార్లలో ఒకసారి మొరాయిస్తుందనుకుంటే, రెండూ ఒకేసారి మొరాయించేది పదివేలలో ఒకసారి. ఈ లెక్క కాగితం మీద బాగుంటుంది. అదే పైపులోని అదే తుప్పు రెండిట్లోనూ చేరితే రెండూ కలిసే మొరాయిస్తాయి. ఇంజనీర్లు దీన్ని ఉమ్మడి కారణం అంటారు, లెక్కలో దానికి వేరే చోటిస్తారు.

కంప్యూటర్ వచ్చాక కొత్త చిక్కు వచ్చింది. రిలే పాడైతే చాలావరకు తెరుచుకునే పాడవుతుంది. మామూలు ఎలక్ట్రానిక్ స్విచ్ మూసుకునీ పాడవవచ్చు, అంటే 'ఆన్'లోనే ఉండిపోవచ్చు. ప్రోగ్రాం హ్యాంగ్ అయితే చివరిసారి ఇచ్చిన అనుమతి అలాగే నిలిచిపోవచ్చు. దీనికి వాచ్‌డాగ్ అనే చిన్న సర్క్యూట్ ఉంటుంది. కంప్యూటర్ దానికి క్షణక్షణం తట్టి 'బతికే ఉన్నాను' అని చెప్పుకోవాలి. తట్టడం ఆగితే వాచ్‌డాగ్ ఎవర్నీ అడక్కుండా కరెంటు తెంపేస్తుంది. ముఖ్యమైనచోట్ల మూడు సెన్సర్లు పెట్టి పంచాయతీ పెడతారు. ముగ్గురిలో ఇద్దరు 'ప్రమాదం' అంటే ఆపడమే. ఒక్కడికి మతి తప్పినా పని ఆగదు, ఒక్కడు మూగబోయినా ప్రమాదం దాగదు.

ఇంత శంకకు కూడా కొలత ఉంది. 1998–2000 మధ్య వెలువడిన ఐఈసీ 61508 ప్రమాణం భద్రతా వ్యవస్థలను నాలుగు మెట్లుగా విడదీసింది, ఆ మెట్లను సిల్ అంటారు. సిల్ 1 మెట్టు మీదున్న వ్యవస్థ, అవసరం పడినప్పుడు పదిసార్లలో ఒకసారికంటే తక్కువ విఫలమవ్వాలి. సిల్ 2 అయితే వందలో ఒకసారికంటే, సిల్ 3 అయితే వెయ్యిలో ఒకసారికంటే తక్కువ. ఇక్కడో షరతుంది. ఏడాదంతా కదలకుండా తెరిచే ఉన్న వాల్వ్ నిజంగా మూసుకుంటుందో లేదో మూసి చూస్తే గానీ తెలియదు. ఆ పరీక్ష చేయకుండా వదిలేస్తే సిల్ 2 అనేది బోర్డు మీది రాతగా మిగిలిపోతుంది.

ఇరవై అంతస్తుల మంట

రామగుండం, కొత్తగూడెం వంటి థర్మల్ కేంద్రాల్లో ఈ వ్యవస్థను ఎఫ్‌ఎస్‌ఎస్‌ఎస్ అంటారు. 500 మెగావాట్ల యూనిట్ ఫర్నేస్ ఇరవై అంతస్తుల మేడంత ఉంటుంది, నిండు లోడులో గంటకు 300 టన్నులకు పైగా బొగ్గు కాలుస్తుంది. మొదట చమురు గన్లు వెలిగించి, లోపల తగినంత వేడి పుట్టాక బొగ్గు మిల్లులు ఒక్కొక్కటే కలుపుతారు. నాలుగు మూలల నుంచీ వచ్చే జ్వాలలు మధ్యలో కలిసి పెద్ద అగ్నిగోళంగా తిరిగే బాయిలర్లలో ఒక్కో బర్నర్‌ను విడిగా చూడటం కష్టం, ఒకదాని వెలుగు ఇంకొకదాని కంట్లో పడుతుంది. అందుకని ఒక్కో అంతస్తులో నాలుగు మూలల కళ్ల (స్కానర్ల) మాట విని తీర్పు చెబుతారు.

మంట పోయిందని తేలితే మాస్టర్ ఫ్యూయల్ ట్రిప్. ఇంధనం వచ్చే దారులన్నీ ఒక్కసారిగా మూసుకుంటాయి. అంతటితో గండం గట్టెక్కిందా అంటే లేదు. మంట పోగానే లోపలి వాయువులు చల్లబడి కుంచించుకుపోతాయి. వెనక ఐడీ ఫ్యాన్లు మాత్రం అదే జోరుతో పొగను లాగుతుంటాయి. ఆ రెండూ కలిస్తే గోడలు లోపలికి కూలగలవు. బయటికి పేలడానికి బదులు లోపలికి నొక్కుకుపోవడం. కాబట్టి ట్రిప్ అయిన క్షణంలోనే ఫ్యాన్ల లాగుడును కూడా అదుపు చేస్తుంది ఈ వ్యవస్థ. ఆపడం కూడా ఒక పనే, దానికీ పద్ధతుంది.

జంపర్ వైరు

ఇంత శంకించే యంత్రం మనిషికి విసుగు పుట్టిస్తుంది. అర్ధరాత్రి బాయిలర్ ట్రిప్ అయింది. అవతల ప్రొడక్షన్ వాళ్లు ఆవిరి కావాలని ఫోన్ల మీద ఫోన్లు. రీసెట్ నొక్కితే మళ్లీ లాకౌట్. "ఏం కాదులే, ఇంకొక్కసారి కొట్టి చూడు" అంటారెవరో. ఒక్కో ప్రయత్నంలో కాసింత కాలని గ్యాస్ లోపలికి వెళుతుంది. మధ్యలో పూర్తి పర్జ్ జరగకపోతే అయిదో ప్రయత్నంలో అంటుకునేది అయిదు ప్రయత్నాల గ్యాస్. కొన్నిచోట్ల ఇంకో అడుగు ముందుకేసి, 'ఆ స్కానర్ ఊరికే ట్రిప్ చేస్తోంది' అని దాని రెండు టెర్మినళ్ల మధ్య చిన్న వైరు ముక్క పెడతారు. జంపర్ వేయడం అంటారు దాన్ని. ఆ వైరు ఎప్పటికీ 'మంట ఉంది' అనే చెబుతుంది. రెప్ప లేదు, వాచ్‌డాగ్ లేదు. ఆ రాత్రికి పని నడుస్తుంది. తెల్లారాక తీసేద్దామనుకున్న జంపర్ ఎన్ని షిఫ్టులు అలాగే ఉండిపోతుందో చెప్పలేం.

విసుగును తిట్టి లాభం లేదు. ఊరికే ట్రిప్ అయ్యే వ్యవస్థ మనుషులకు జంపర్ వేయడం నేర్పుతుంది. స్కానర్ అద్దాన్ని చల్లటి గాలితో శుభ్రంగా ఉంచడం, గొట్టం సరైన కోణంలో బిగించడం, ట్రిప్‌కు మొదటి కారణమేదో తెర మీద స్పష్టంగా చూపడం, ఇవన్నీ భద్రతలో భాగాలే. నమ్మదగ్గ సాక్షి నోరు ఎవరూ నొక్కరు.

వ్యవస్థకు అందని చోటు ఇంకొకటుంది, పని ఆపేసిన బాయిలర్. 1999 ఫిబ్రవరి 1న అమెరికాలో మిషిగన్ రాష్ట్రం డియర్‌బోర్న్ పట్టణంలో, ఫోర్డ్ రూజ్ కార్ల కర్మాగారపు పవర్‌హౌస్‌లో ఆరో నంబరు బాయిలర్‌ను ఏటేటా చేసే మరమ్మతుల కోసం ఆపుతున్నారు. మంట ఆర్పేశారు. గ్యాస్ లైనుకు బిరడా పలకలు బిగించే పనిలో ఉన్నారు. ఆ క్రమంలో సహజవాయువు ఆపేసిన ఫర్నేస్‌లోకి చేరింది, పేలింది. ఆరుగురు కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. మంట లేదని అక్కడ అందరికీ తెలుసు, వాళ్లే ఆర్పారు. వెలిగించేటప్పుడు ఉండే జాగ్రత్త ఆర్పేటప్పుడు సడలుతుంది. ఆరిన పొయ్యిలోకి గ్యాస్ వెళ్లే ప్రతి దారీ మూసి ఉందా అని అడిగేవాళ్లు ఆ పూట కావలసింది.

వేలు తీయకండి

మళ్లీ వంటింటికి వద్దాం. ఈమధ్య కొన్ని పొయ్యిలకు మంట ఆరితే గ్యాస్ ఆపే ఏర్పాటు వస్తోంది. బర్నర్ పక్కన చిన్న లోహపు మొన ఉంటుంది, అది థర్మోకపుల్. రెండు వేరువేరు లోహాల అతుకును వేడిచేస్తే విద్యుత్తు పుడుతుందని 1821లో జీబెక్ కనిపెట్టినదాని మీదే అది పనిచేస్తుంది. పుట్టే వోల్టేజి పాతిక ముప్పై మిల్లీవోల్టులే. టార్చి బ్యాటరీలో యాభయ్యో వంతు. ఆ కరెంటు ఒక బుల్లి విద్యుదయస్కాంతంలోకి వెళ్లి గ్యాస్ వాల్వ్‌ను పట్టి ఉంచుతుంది.

పట్టి ఉంచుతుందంతే, తెరవలేదు. స్ప్రింగ్‌ను ఎదిరించి వాల్వ్‌ను లాగేంత సత్తువ దానికి లేదు. తెరవాల్సింది మన వేలు. అందుకే ఆ పొయ్యిలు వెలిగించేటప్పుడు మంట వచ్చాక కూడా నాబ్‌ను కొన్ని సెకన్లు నొక్కిపట్టాలి. ముందే వదిలేస్తే మంట ఆరిపోతుంది, 'ఈ కొత్త పొయ్యి సరిగా లేదు' అని విసుక్కుంటాం. ఆ కొన్ని సెకన్లలో మొన వేడెక్కుతోంది, అయస్కాంతానికి పట్టు దొరుకుతోంది. మనం వేలు తీసిన క్షణం నుంచి గ్యాస్ తలుపును పట్టుకున్నది ఆ మంటే. పాలు పొంగి మంట ఆరితే మొన చల్లారుతుంది, పట్టు జారుతుంది, స్ప్రింగ్ తలుపు మూస్తుంది. ఎవరి ముక్కుకూ కంపు చేరనక్కర్లేదు. పక్కగదిలో ఉన్నవాళ్లు తీరిగ్గా వచ్చి గట్టు తుడుచుకోవచ్చు.